కవలల గర్భం: కాబోయే తల్లులూ ఇంట్లోవాళ్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

కడుపులో ఇద్దరని తెలిసిన రోజు నుంచి కాన్పు దాకా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కుటుంబాలు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. ఈ జవాబులు మీ డాక్టరు సలహాకు బదులు కావు. డాక్టరును ఏమడగాలో తెలుసుకోవడానికి పనికొస్తాయి. మొత్తం చదివే తీరిక లేకపోతే రెండో ప్రశ్న ఒక్కటైనా చదవండి.

ఇద్దరని ఎప్పుడు తెలుస్తుంది?

సాధారణంగా 6 నుంచి 8 వారాల మధ్య చేసే మొదటి స్కాన్‌లోనే తెలిసిపోతుంది. వేవిళ్లు విపరీతంగా ఉన్నాయనో, పొట్ట నెలలకు మించి కనిపిస్తోందనో పెద్దవాళ్లు కవలలని ఊహిస్తుంటారు. ఆ లక్షణాలు కవలల గర్భంలో ఎక్కువే గానీ రుజువు మాత్రం కావు. చివరి నెలసరి తేదీ సరిగ్గా గుర్తులేకపోయినా పొట్ట నెలలకు మించి ఉన్నట్టు తోస్తుంది. ఖాయంగా చెప్పేది స్కాన్ ఒక్కటే.

స్కాన్‌లో ఇద్దరన్నారు. ఇంకా ఏమడగాలి?

"మాయ (ప్లాసెంటా) ఒకటా, రెండా?" అని అడగండి. కవలల గర్భంలో ఇంతకు మించిన ప్రశ్న లేదు. ఎన్నిసార్లు స్కాన్ చేయాలి, ఏ ప్రమాదం కోసం కనిపెట్టుకుని ఉండాలి, ఏ వారంలో కాన్పు చేయాలి అన్నవన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి.

ఇందులో మూడు రకాలున్నాయి. ఒక్కో బిడ్డకు విడిగా ఒక మాయ, ఒక ఉమ్మనీటి సంచి ఉంటే రిపోర్టులో డీసీడీఏ అని రాస్తారు. ఎక్కువ మంది కవలలు ఈ రకమే. మాయ ఒకటే ఉండి సంచులు రెండుంటే ఎంసీడీఏ. మాయా సంచీ రెండూ ఒకటే అయితే ఎంసీఎంఏ. ఈ చివరి రకం చాలా అరుదు. అందులో బొడ్డుతాళ్లు ఒకదానికొకటి చుట్టుకునే ప్రమాదం ఉంటుంది కాబట్టి జాగ్రత్త కూడా అన్నిటికన్నా ఎక్కువ అవసరం.

ఈ సంగతి తేల్చడానికి సరైన సమయం 11 వారాలు నిండినప్పటి నుంచి 14 వారాలు నిండేలోపు, అంటే బిడ్డ మెడ వెనక మందం కొలిచే ఎన్‌టీ స్కాన్ చేసే రోజుల్లో. స్కాన్ చేసే డాక్టరు ఇద్దరి మధ్య ఉన్న పొర మాయను తాకే చోటును పరీక్షగా చూస్తారు. రెండు మాయలు పక్కపక్కనే అతుక్కుని ఉంటే ఆ చోట పొర మందంగా, చిన్న త్రికోణంలా విచ్చుకుని కనిపిస్తుంది. దాన్ని లాంబ్డా గుర్తు అంటారు. మాయ ఒకటే అయితే సన్నని పొర నిట్టనిలువుగా వచ్చి మాయను తాకుతుంది. అది టీ గుర్తు. నెలలు గడిచేకొద్దీ ఆ త్రికోణం పలచబడిపోతుంది, పిల్లలు పెరిగి లోపల ఇరుకవుతుంది. ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ పరీక్షించే టిఫా స్కాన్ దాకా ఆగి అప్పుడు అడిగితే ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా కచ్చితంగా చెప్పలేని పరిస్థితి రావచ్చు.

రిపోర్టులో "కవలలు, ఇద్దరి గుండె కొట్టుకుంటోంది" అన్నంత వరకే ఉంటే అక్కడితో ఊరుకోకండి. డీసీడీఏనో ఎంసీడీఏనో రాసి ఇవ్వమని అడగండి. ఇలా అడగడం అమర్యాద కాదు. తేల్చి చెప్పలేకపోతే కడుపులోని బిడ్డల వైద్యం చూసే ఫీటల్ మెడిసిన్ నిపుణుల దగ్గరికి పంపమని కోరండి. 14 వారాలు దాటాక వచ్చి, ఎలాగూ తేలకపోతే, మాయ ఒకటేనన్న లెక్కతోనే జాగ్రత్తలు తీసుకోవడం క్షేమం. ఆ స్కాన్ కాగితాన్ని కాన్పు దాకా భద్రంగా దాచండి. ఫోనులో ఫొటో కూడా తీసి పెట్టుకోండి.

మాయ ఒకటే అన్నారు. ఏమిటి ప్రమాదం?

ఒకే మాయలో ఇద్దరి రక్తనాళాలూ ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. చాలామందిలో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు రక్తం సమంగానే పారుతుంది. నూటికి 10 నుంచి 15 మందిలో మాత్రం ఆ సమతూకం తప్పి, ఒక బిడ్డ రక్తం అదే పనిగా రెండో బిడ్డలోకి వెళ్లిపోతుంటుంది. ఇచ్చే బిడ్డకు మూత్రం తగ్గి, చుట్టూ ఉమ్మనీరు ఎండిపోతుంది. పుచ్చుకునే బిడ్డ గుండె మీద భారం పడి, ఉమ్మనీరు విపరీతంగా పెరుగుతుంది. దీన్ని వైద్యులు టీటీటీఎస్ అంటారు. ముదిరాక చికిత్స లేకుండా వదిలేస్తే ఇద్దరినీ కోల్పోయే ప్రమాదం చాలా ఎక్కువ.

ఇది తల్లి ఏదో తిన్నందువల్లో, బరువెత్తినందువల్లో వచ్చేది కాదు. మాయ ఏర్పడిన తీరే కారణం. అందుకని ఎవరూ ఆ తల్లిని నిందించకూడదు, ఆమె తనను తాను నిందించుకోనూ కూడదు.

సకాలంలో కనిపెడితే చికిత్స ఉంది. తల్లి పొట్టలోంచి సన్నని కెమెరా గొట్టాన్ని పంపి, మాయ మీద కలిసిపోయిన రక్తనాళాలను లేజరుతో మూసేస్తారు. సాధారణంగా 16 నుంచి 26 వారాల మధ్య చేస్తారు. ఈ చికిత్స అన్ని ఊళ్లలో దొరకదు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వంటి నగరాల్లో కొన్ని ఫీటల్ మెడిసిన్ కేంద్రాల్లో ఉంది. అందుకే మాయ ఒకటేనని తెలిసిన వెంటనే, ఏ ఇబ్బందీ లేనప్పుడే, మీకు దగ్గర్లో ఆ చికిత్స ఎక్కడుందో మీ డాక్టరును అడిగి రాసిపెట్టుకోండి. అవసరం పడిన రోజున వెతుక్కునే వ్యవధి ఉండదు.

మాయ ఒకటైతే 16 వారాల నుంచి రెండు వారాలకోసారి స్కాన్ తప్పనిసరి. "పోయినసారి అంతా బాగుందన్నారు కదా, ఈసారి మానేద్దాం" అనుకోవద్దు. రెండు స్కాన్ల మధ్యనే పరిస్థితి తలకిందులు కావచ్చు. ఉన్నట్టుండి పొట్ట బిగుసుకుపోయి రెండు మూడు రోజుల్లోనే బాగా పెరిగినా, ఊపిరి ఆడనట్టు అనిపించినా స్కాన్ తేదీ కోసం ఎదురుచూడకుండా వెళ్లాలి.

మాయలు రెండు ఉంటే పిల్లలు వేర్వేరు పోలికలతో ఉంటారా?

చాలావరకు అవును, కానీ ప్రతిసారీ కాదు. రెండు అండాల నుంచి వచ్చిన కవలలకు ఎప్పుడూ మాయలు రెండే. ఒకే అండం రెండుగా చీలిన కవలల్లో మాత్రం చీలిక ఎప్పుడు జరిగిందన్నది ముఖ్యం. ఫలదీకరణ జరిగిన మొదటి మూడు రోజుల్లో చీలితే వాళ్లకూ రెండు మాయలుంటాయి. నాలుగు నుంచి ఎనిమిది రోజుల మధ్య చీలితే మాయ ఒకటే అవుతుంది. కాబట్టి రెండు మాయలున్నా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండే పిల్లలు పుట్టవచ్చు.

జంట అరటిపండు తింటే కవలలు పుడతారా? మా వంశంలో ఎవరికీ లేరే, మాకెలా?

జంట అరటిపండుకూ కవలలకూ సంబంధం లేదు. నిశ్చింతగా తినండి. తూర్పు గోదావరి జిల్లా దొడ్డిగుంటలో కవలలు ఎక్కువని, అక్కడి బావి నీళ్లు తాగితే కవలలు కలుగుతారని నమ్మి దూరప్రాంతాల నుంచి వచ్చేవాళ్లున్నారు. నీళ్ల వల్ల అండాలు రెండు విడుదల కావు.

రెండు అండాల కవలలకు తల్లి వైపు వంశంలో కవలలు ఉండటం, తల్లి వయసు 35 దాటడం, అండాలు విడుదల కావడానికి మందులు వాడటం, ఐవీఎఫ్‌లో ఒకటికి మించి పిండాలను పెట్టడం కారణాలు. తండ్రి వైపు కవలలున్నంత మాత్రాన ఆ తల్లికి కవలల అవకాశం పెరగదు. ఒకే అండం చీలడం మాత్రం ఎవరికైనా జరగవచ్చు, దానికి వంశంతో పని లేదు.

ఐవీఎఫ్ గురించి ఒక మాట. 2019 సెప్టెంబరులో గుంటూరులో 70 ఏళ్లు దాటిన మహిళ ఐవీఎఫ్ ద్వారా కవలలను కన్నప్పుడు రాష్ట్రమంతా చెప్పుకున్నారు. ఇప్పుడది కుదరదు. 2021లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం 50 ఏళ్లు దాటిన మహిళలకు ఈ చికిత్స చేయకూడదు. మంచి నిబంధన అనే నా అభిప్రాయం. వయసు పెరిగేకొద్దీ బీపీ, షుగర్, గుండె మీద భారం పెరుగుతాయి. కవలలైతే ఆ భారం మరింత. చికిత్స తీసుకుంటున్న దంపతులు "ఇద్దరు పుడితే ఒక్క ఖర్చుతో పోతుంది" అని రెండు మూడు పిండాలు పెట్టమని కోరుతుంటారు. ఆ మాట అనేముందు కింద నెలలు నిండని కాన్పు గురించి రాసినది చదవండి.

మొదట ఇద్దరన్నారు, తర్వాతి స్కాన్‌లో ఒక్కరే కనిపించారు. స్కాన్ తప్పా?

కాకపోవచ్చు. తొలి వారాల్లో ఇద్దరిలో ఒక పిండం ఎదగడం ఆగిపోయి శరీరంలోనే కలిసిపోవడం అరుదేమీ కాదు. కొందరికి కాస్త రక్తం కనిపిస్తుంది, కొందరికి అదీ ఉండదు. మిగిలిన బిడ్డ చాలావరకు చక్కగా ఎదుగుతుంది. ఈ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి, ఎందుకంటే డౌన్ సిండ్రోమ్ కోసం చేసే రక్తపరీక్ష ఫలితాన్ని ఇది తారుమారు చేయగలదు. ఇంట్లోవాళ్లు "ఇంకొకరున్నారు కదా" అని తేలిగ్గా తీసేయకండి. పోయిన బిడ్డ కోసం తల్లికి దుఃఖం ఉంటుంది.

ఎన్నిసార్లు చూపించుకోవాలి? సర్కారు ఆసుపత్రిలో ఏముంటుంది?

రెండు మాయలైతే ఐదో నెలలో టిఫా స్కాన్, ఆ తర్వాత నాలుగు వారాలకోసారి ఎదుగుదల స్కాన్. మాయ ఒకటైతే పైన చెప్పినట్టు రెండు వారాలకోసారి. ఎదుగుదల స్కాన్‌లో ఇద్దరి బరువుల మధ్య తేడా పెరుగుతోందా అని చూస్తారు. వెళ్లిన ప్రతిసారీ బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూడాల్సిందే. రక్తం, షుగర్, థైరాయిడ్ పరీక్షలు, ధనుర్వాతం రాకుండా వేసే టీడీ టీకా మామూలే.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉచితంగా ఉంటుంది. ఇది 2016 నుంచి నడుస్తోంది. కవలల గర్భం హైరిస్కు జాబితాలోకే వస్తుంది కాబట్టి మీ ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల రక్షణ కార్డు) మీద ఎర్ర గుర్తు వేస్తారు. ఆ గుర్తు చూసి బెదరకండి. మీ విషయంలో కాస్త ముందుగా, కాస్త ఎక్కువగా శ్రద్ధ పెట్టాలని సిబ్బందికి చెప్పడమే దాని ఉద్దేశం. మీ ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఫోను నంబర్లు భర్త ఫోనులో కూడా ఉండాలి.

ఇద్దరు కదా, రెండింతలు తినాలా?

అక్కర్లేదు. ఎంత తిన్నారన్నదాని కన్నా ఏం తిన్నారన్నది చూడండి. మన భోజనంలో సాధారణంగా అన్నం ఎక్కువ, పప్పూ కూరా తక్కువ. కవలల తల్లి కంచంలో ఇది తిరగబడాలి. పప్పు గరిటెడు ఎక్కువ, రోజూ ఒకటో రెండో గుడ్లు, పెరుగు, తోటకూరో గోంగూరో ఏదో ఒక ఆకుకూర, తినేవాళ్లకు చేపలు, మాంసం. సాయంత్రం వేయించిన పల్లీలో, నువ్వుల ఉండో, ఉడికించిన శనగలో. రాగి జావ, జొన్న రొట్టె మంచివే. పొట్ట పైకి నొక్కుకొచ్చే నెలల్లో ఒకేసారి కంచం నిండా తినలేరు, ఛాతీలో మంట వస్తుంది. అందుకని మూడు పూటల తిండిని ఐదారుసార్లుగా తినండి. అంగన్‌వాడీలో ఇచ్చే భోజనం, గుడ్డు, పాలు మీ హక్కు. మొహమాటపడి వదులుకోకండి.

గర్భానికి ముందు బరువు సాధారణంగా ఉన్నవాళ్లు కవలల గర్భంలో మొత్తం 17 నుంచి 25 కిలోల దాకా పెరగవచ్చని అమెరికా నిపుణుల లెక్క. ముందే అధిక బరువు ఉంటే 14 నుంచి 23 కిలోలు. ఇవి వేరే దేశపు ఒడ్డూపొడుగును చూసి వేసినవి. మీకెంత సరిపోతుందో మీ డాక్టరుతో మాట్లాడుకోండి. నెలనెలా బరువు అసలు పెరగకపోయినా, వారంలో ఉన్నట్టుండి రెండు కిలోలు పెరిగినా చెప్పాలి. రెండోది నీరు చేరడం కావచ్చు.

ఐరన్ మాత్ర పడటం లేదు. మానేయవచ్చా?

మానవద్దు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఇద్దరు బిడ్డలకు రక్తం అందించాల్సిన తల్లికి హిమోగ్లోబిన్ ఇంకా త్వరగా పడిపోతుంది. కాన్పులో రక్తస్రావం కూడా కవలల తల్లులకే ఎక్కువ. హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువ ఉంటే రక్తహీనతే. ప్రసవం నాటికి చేతిలో నిల్వ ఉండాలి.

నాలుగో నెల నుంచి రోజుకో ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్ర ప్రభుత్వమే ఇస్తుంది. రక్తం తక్కువగా ఉంటే మోతాదు పెంచుతారు. కడుపులో తిప్పితే రాత్రి పడుకునే ముందు వేసుకుని చూడండి. మాత్రతో పాటు నిమ్మరసమో జామపండో తీసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. టీ, కాఫీ, పాలతో వేసుకుంటే ఒంటబట్టదు. కాల్షియం మాత్రనూ దీన్నీ ఒకేసారి మింగకూడదు, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. మలం నల్లగా రావడం మామూలే, భయపడకండి. మాత్ర అసలే పడనివాళ్లకు నరానికి ఎక్కించే ఐరన్ ఉంది. అడగండి.

నాకు గుండె జబ్బు లేదు. ఆస్పిరిన్ ఎందుకు రాశారు?

గర్భంలో వచ్చే బీపీని, అంటే ప్రీఎక్లాంప్సియాను, నివారించడానికి. కవలల తల్లులకు ఈ ప్రమాదం రెండు మూడు రెట్లు ఎక్కువ. తక్కువ మోతాదు ఆస్పిరిన్‌ను 12 వారాల తర్వాత మొదలుపెడితే ఆ ప్రమాదం తగ్గుతుంది. 16 వారాలలోపు మొదలైతే ఫలితం బాగుంటుంది. మీకు అవసరమా, ఎంత మోతాదు అన్నది డాక్టరే చెప్పాలి. మందుల దుకాణంలో అడిగి కొనుక్కుని సొంతంగా వేసుకోవద్దు. ఆస్తమా, కడుపులో పుండు వంటివి ఉంటే ముందే చెప్పండి.

బెడ్ రెస్ట్ తీసుకోమన్నారు. ఎన్నాళ్లు?

దీని మీద కొంచెం గట్టిగానే చెప్పాలి. కవలలని తెలియగానే "మంచం దిగొద్దు" అనడం మన ఇళ్లలో మామూలైపోయింది. చాలాచోట్ల డాక్టర్లూ చీటీ మీద రాస్తున్నారు. కానీ మంచాన పడుకోవడం వల్ల కవలల్లో ముందస్తు కాన్పు ఆగుతుందని ఏ పరిశోధనా నిరూపించలేదు. నష్టం మాత్రం ఉంది. కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం గర్భంలో ఎలాగూ ఎక్కువ, కదలకుండా పడుకుంటే ఇంకా పెరుగుతుంది. కండరాలు, ఎముకలు బలహీనపడతాయి, మలబద్ధకం వస్తుంది, నెలల తరబడి గోడలు చూస్తూ పడుకున్న మనిషికి దిగులు పట్టుకుంటుంది.

ఏ ఇబ్బందీ లేకపోతే ఇంట్లో తిరగండి, నెమ్మదిగా నడవండి, తేలికపాటి పనులు చేయండి. అలసట వచ్చినప్పుడు పడుకోండి, ఏడో నెల దాటాక పక్కకు తిరిగి పడుకోండి. బిందెలు మోయడం, గంటల తరబడి నిలబడి చేసే పని మానండి. రక్తస్రావం, మాయ కిందికి ఉండటం వంటి ప్రత్యేక కారణంతో డాక్టరు విశ్రాంతి చెప్పి ఉంటే అది వేరు. ఎందుకు, ఎన్ని రోజులు, స్నానానికి లేవవచ్చా, మెట్లెక్కవచ్చా అని విడివిడిగా అడిగి తెలుసుకోండి.

ముందస్తు కాన్పు ఆపడానికని గర్భాశయ ముఖద్వారానికి కుట్టు వేయడం, ప్రొజెస్టరాన్ హార్మోను ఇంజెక్షన్లు కూడా ఇలాంటివే. కవలలన్న ఒక్క కారణంతో అందరికీ వాటిని ఇస్తే లాభం కనిపించలేదు. లోపలి నుంచి చేసే స్కాన్‌లో గర్భాశయ ముఖద్వారం పొట్టిగా ఉందని తేలినవాళ్ల సంగతి వేరు, వాళ్లలో కొందరికి చికిత్స పనికొస్తుంది. ఇప్పటికే వాడుతుంటే చెప్పకుండా ఆపేయకండి. నాకెందుకు ఇస్తున్నారని మాత్రం తప్పకుండా అడగండి.

పురిటికి పుట్టింటికి ఎప్పుడు వెళ్లాలి?

సీమంతం చేసి తొమ్మిదో నెలలో తీసుకెళ్లే ఆనవాయితీ కవలల విషయంలో కుదరదు. కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకుండానే పుడుతున్నారు. తొమ్మిదో నెల కోసం చూస్తూ కూర్చుంటే నొప్పులు ఏ రైల్లోనో బస్సులోనో మొదలవుతాయి. వెళ్లదలిస్తే 28 వారాలలోపే వెళ్లి, అక్కడి డాక్టరుకు కనీసం రెండుసార్లు చూపించుకుని, పాత కాగితాలన్నీ ఇచ్చి, ఆ ఆసుపత్రిలో పేరు రాయించుకోండి.

అసలు వెళ్లాలా వద్దా అన్నది కూడా ఆలోచించండి. పుట్టిల్లు ఉన్న ఊరి నుంచి నెలలు నిండని పిల్లలను చూడగలిగే ఆసుపత్రి ఎంత దూరం? దీనికి జవాబు తెలియకుండా ప్రయాణం పెట్టుకోకండి. జిల్లా ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో పసికందులకు ప్రత్యేక వైద్యం చేసే ఎస్ఎన్‌సీయూలు ఉన్నాయి. హైదరాబాద్‌లో నీలోఫర్ వంటి పెద్ద పిల్లల ఆసుపత్రి ఉంది. కడుపులో ఉండగానే తల్లిని అటువంటి చోటికి చేర్చడం, పుట్టాక పసికందులను అంబులెన్సులో తరలించడం కన్నా ఎన్నో రెట్లు క్షేమం. అమ్మ చేతి వంట కావాలంటే అమ్మనే మీ దగ్గరికి రమ్మనండి. సీమంతం ఐదో నెలలోనో ఏడో నెల మొదట్లోనో ఇంటి దగ్గరే చేసుకోవచ్చు.

ఎప్పుడు వెంటనే పరుగెత్తాలి?

37 వారాలలోపు నడుము నుంచి పొత్తికడుపులోకి వస్తూ పోతూ ఉండే నొప్పి, పొట్ట మళ్లీమళ్లీ గట్టిపడటం, ఉమ్మనీరు పోవడం, రక్తం కనిపించడం. తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి, ముఖమూ చేతులూ వాయడం. పిల్లల కదలికలు తగ్గడం. ఎవరు ఎటు తన్నుతున్నారో విడిగా తెలియకపోవచ్చు. రోజూ తెలిసే కదలిక ఈరోజు తగ్గిందా అన్నదే చూసుకోండి. అరచేతులు, అరికాళ్లలో రాత్రిపూట విపరీతమైన దురద కూడా చెప్పాల్సిన లక్షణమే, కాలేయానికి సంబంధించింది కావచ్చు. 108కి ఫోను చేసినప్పుడు "కవలల గర్భం, ఇన్ని వారాలు" అని మొదటి వాక్యంలోనే చెప్పండి.

ఏడో నెలలో పుడితే బతుకుతారు, ఎనిమిదో నెలలో పుడితే బతకరంటారు. నిజమా?

నిజం కాదు. కడుపులో గడిపిన ప్రతి వారమూ బిడ్డకు మేలే చేస్తుంది. ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డకు ఏడో నెలలో పుట్టిన బిడ్డ కన్నా ఎప్పుడూ అవకాశాలు ఎక్కువే. ఈ మాట నమ్మి ఎనిమిదో నెలలో పుట్టిన పిల్లల మీద ముందే ఆశ వదులుకోవడం చాలా అన్యాయం.

34 వారాలలోపు కాన్పు జరిగేలా ఉంటే పిల్లల ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో డెక్సామెథాసోన్ 12 గంటలకోసారి నాలుగు మోతాదులు. కాన్పుకు ముందు వారం రోజుల్లో అందితేనే మేలు బాగా జరుగుతుంది కాబట్టి, "కవలలు కదా, ముందు జాగ్రత్తగా వేసేయండి" అని ఒత్తిడి చేయకండి. నొప్పులు వచ్చిన వెంటనే ఆసుపత్రికి చేరమనేది అందుకే. ఆ ఇంజెక్షన్ పనిచేయడానికి కొన్ని గంటలైనా కావాలి.

కవలలంటే ఆపరేషనేనా?

కాదు. మొదటి బిడ్డ తల కిందికి ఉండి, ఎవరి సంచిలో వారుంటే మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చు. పాతిక దేశాల్లో జరిగి 2013లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, అలాంటి తల్లులకు ముందే నిర్ణయించి చేసిన సిజేరియన్ వల్ల పిల్లలకు అదనపు రక్షణ కలగలేదని తేలింది. ఐతే రెండో బిడ్డ అడ్డం తిరిగితే సరిచేయగల డాక్టరు, మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, అప్పటికప్పుడు వాడగల ఆపరేషన్ థియేటర్, రక్తం అక్కడ ఉండాలి. ఇవన్నీ ఉన్నాయో లేదో ముందే అడగండి. మొదటి బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నా, ఇద్దరూ ఒకే సంచిలో ఉన్నా సిజేరియనే మంచిది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే, ఆంధ్రప్రదేశ్‌లో 42. ఒక్క బిడ్డకే ఇంత ఉన్నచోట కవలలకు మామూలు కాన్పు అడిగితే వింతగా చూడవచ్చు. అయినా అడగండి. ఆపరేషన్ అవసరమని కారణంతో సహా చెబితే ఒప్పుకోండి.

కాన్పు ఏ వారంలో? అమెరికాలో ఉన్న మా అక్కకు 38 అన్నారు, నాకు 37 అంటున్నారు.

ఇద్దరూ సరైనదే చెప్పారు. రెండు మాయలుండి అంతా బాగుంటే అమెరికా వైద్యుల సంఘం 38వ వారం అంటుంది, బ్రిటన్ మార్గదర్శకాలు 37 అంటాయి. మన డాక్టర్లు ఈ రెంటి మధ్య నడుస్తారు. మాయ ఒకటైతే 36 నుంచి 37, సంచి కూడా ఒకటైతే 32 నుంచి 34 వారాల మధ్య. మీరు నెట్‌లో చదివిన తేదీ మీకు వర్తించాలంటే ముందు మాయల లెక్క కలవాలి.

ముహూర్తం పెట్టించాం. వారం ముందుకు జరపవచ్చా?

వద్దు. మూఢం వస్తోందనో, నక్షత్రం బాగాలేదనో 36 వారాలకే తీయిస్తే రెండు మాయల కవలలు ఊపిరి అందక ఐసీయూలో రోజులు గడపాల్సి రావచ్చు. డాక్టరు చెప్పిన తేదీకి అటూ ఇటూ ఒకటి రెండు రోజుల్లో మంచి ఘడియ దొరికితే, డాక్టరు ఒప్పుకుంటే అభ్యంతరం లేదు. అంతకు మించి జరపకండి, వెనక్కి కూడా. మాయ ఒకటైన కవలలను అమావాస్య దాటేదాకా అని ఆపడం ప్రాణాలకే ముప్పు.

రక్తం ఏర్పాటు చేసుకోమన్నారు. అంత అవసరమా?

అవసరం పడకపోవచ్చు, కానీ సిద్ధంగా ఉండాలి. బాగా సాగిన గర్భసంచి కాన్పు తర్వాత గట్టిగా ముడుచుకోకపోతే రక్తస్రావం ఆగదు. మీ గ్రూపు నెగెటివ్ అయితే ఏడో నెలలోనే దాతలను మాట్లాడిపెట్టుకోండి.

స్కాన్‌లో ఆడా మగా అని చెబుతారా?

చెప్పరు, అడగకూడదు కూడా. 1994 చట్టం ప్రకారం నేరం. కవలలకూ మినహాయింపు లేదు.

ఇద్దరికీ నా పాలు సరిపోతాయా?

సరిపోతాయి. ఎంత తాగితే అంత ఊరే స్వభావం పాలది. కడుపుతో ఉన్నప్పుడే, రెండు చంకల కింద దిండ్లు పెట్టుకుని ఇద్దరికీ ఒకేసారి పట్టడం ఎలాగో నర్సునడిగి చూపించుకోండి. పిల్లలు ఐసీయూలో ఉంటే పాలు పిండి పంపాలి. మొదటి గంటల నుంచే పిండటం మొదలుపెడితే ఊరుతాయి, నాలుగో రోజు మొదలుపెడితే కష్టం. బరువు తక్కువ పిల్లలను తల్లి ఛాతీకి ఆనించి ఉంచే కంగారూ పద్ధతిని తండ్రి, అమ్మమ్మ, నానమ్మ కూడా చేయవచ్చు. ఇద్దరు పిల్లలకు రెండు ఛాతీలు కావాలి, కాబట్టి తండ్రి ముందే నేర్చుకుని ఉండటం మంచిది.

ఉద్యోగం చేస్తున్నాను. సెలవు ఎంత?

2017 సవరణ నుంచి చట్టం ప్రకారం జీతంతో 26 వారాలు. కవలలైనా అంతే, రెట్టింపు కాదు. ఇందులో 8 వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. కవలల తల్లులు ఈ తేదీని 40 వారాల నుంచి కాకుండా డాక్టరు చెప్పిన కాన్పు వారం నుంచి వెనక్కి లెక్కవేసుకోవాలి. ఇద్దరు బిడ్డలున్న తర్వాత వచ్చే కాన్పుకు 12 వారాలే. అంటే తొలి కాన్పులోనే కవలలు పుడితే మలి కాన్పుకు ఈ 12 వారాలే వర్తిస్తాయి.